ఆరంకెల తాళం

పంచదార డబ్బాలో తడి చెంచా ఎవరు పెట్టారన్నది ఆ ఇంట్లో గురువారం పొద్దున ఏడింటికి మొదలైన తగవు. డబ్బాలో పంచదార గడ్డ కట్టింది. చెంచా అందులో నిలువునా దిగబడిపోయి, లాగితే డబ్బాతో సహా పైకి లేస్తోంది.

"నేను కాదు," అన్నాడు భర్త, ఎవరూ అడగకముందే.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నేనింకా నోరు తెరవలేదు," అంది కోడలు.

"నోరు తెరవక్కర్లేదు, నీ కళ్ళు చాలు."

బల్ల దగ్గర కూర్చుని మనవరాలికి జడ వేస్తున్న అత్తగారు తల కూడా ఎత్తలేదు. "ఒక్క చెంచాకి ఇంత విచారణేమిటే తల్లీ! నాలుగు చుక్కలు వేడినీళ్ళు పోస్తే అదే ఊడొస్తుంది."

"వస్తుందత్తయ్యా. రేపు మళ్ళీ అతుక్కుంటుంది. ఎవరు పెట్టారో తెలిస్తే రేపటిది ఆగుతుంది."

"తెలిస్తే ఏం చేస్తావ్, ఉరి తీస్తావా?"

"చెంచా తుడిచి పెట్టమని చెప్తాను. అంతే." కోడలు వేళ్ళు మడిచింది. "రాత్రి పడుకునేముందు డబ్బా నేనే మూశాను, బాగానే ఉంది. పొద్దున మీరు టీ తాగలేదు. మామయ్య తాగారు, కానీ ఆయన పంచదార వేసుకోరు. బుజ్జికి ఆ అర అందదు."

భర్త కాసేపు డబ్బావంక చూశాడు. "సరే, నేనే. ఒప్పుకున్నాను. నిద్రమత్తులో చేసిన నేరం."

ఫోను మోగబట్టి ఆ విచారణ అక్కడితో ఆగింది. ఫోనులో డాక్టరమ్మ.

"అమ్మాయ్, నీ తాళం నన్ను లోపలికి రానివ్వడం లేదు," అంది ఆవిడ.

కోడలి చేతిలోని డబ్బా బల్ల మీదికి చేరింది.

ఆ తాళం సంగతి చెప్పాలంటే మూడు వారాలు వెనక్కి వెళ్ళాలి. మామగారు ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఇరవయ్యారేళ్ళుగా ఇన్‌చార్జి. అక్కడ అందరికీ ఆయన పెద్దసారు. ప్రతి రిపోర్టు మీదా డాక్టరమ్మ సంతకం ఉండాలి. ఆవిడ మెట్ల మీద కాలు జారి మడమ విరగ్గొట్టుకుని, పిండికట్టుతో ఇంట్లో మంచం పట్టింది. మామగారు రోజుకి రెండుసార్లు కాగితాల కట్ట పట్టుకుని ఆవిడ ఇంటికి తిరిగి తిరిగి మోకాళ్ళు పట్టుకుపోయి వచ్చేవారు. అప్పుడు కోడలు, "మామయ్యా, ఆవిడ ఇంట్లో కూర్చునే ల్యాబ్ కంప్యూటర్‌లోకి వెళ్ళి సంతకం పెట్టొచ్చు. నేను ఏర్పాటు చేస్తాను," అంది.

ఊరికే అన్న మాట కాదది. బుజ్జి పుట్టకముందు ఆమె ఒక కంపెనీలో ఆరేళ్ళు ఆ పనే చేసింది. ఎక్కడో ఉన్న కంప్యూటర్లు మొరాయిస్తే ఇక్కడ కూర్చుని దారికి తేవడం. మానేసి నాలుగేళ్ళయింది. ల్యాబ్ యజమాని ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. నెల రోజులు చూస్తాడు. బాగుంటే ఈ ల్యాబ్, దీని రెండు బ్రాంచీలు, అన్నిటి కంప్యూటర్లూ ఆమె చేతికి. లేకపోతే బయటి కంపెనీకి. ఆ కంపెనీ మనిషి అప్పటికే రెండుసార్లు వచ్చి కార్డు ఇచ్చి వెళ్ళాడు. ఇంట్లో ఆమె కూడా ఒక మాట ఇచ్చింది. గడప దాటకుండా, ఇంటినుంచే చేస్తానని. ఇది నాలుగో వారం. ఈ పని చేజారితే మళ్ళీ ఇలాంటిది అడగడానికి తనకి నోరు రాదని ఆమెకి తెలుసు.

ల్యాబ్ కంప్యూటర్ని కొత్తగా కొన్నప్పుడు భర్త కార్లో ఇంటికే తెచ్చాడు. భోజనాల బల్ల మీద పెట్టి రెండు రోజులు కూర్చుని ఆమె దానికి తాళం వేసింది. ముందు పాస్‌వర్డు. తర్వాత ఫోనులో కనిపించే ఆరంకెలు. ఆ అంకెలు అరనిమిషానికొకసారి మారుతుంటాయి. అదే సమయానికి ల్యాబ్ కంప్యూటర్ తనంతట తను అవే అంకెలు లెక్క కట్టుకుంటుంది. రెండూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది.

"ఎన్నిసార్లు కొట్టారు డాక్టరుగారూ?"

"నాలుగు. ఇదిగో, ఇంకోసారి కొడుతున్నా."

"వద్దు, ఆగండి..."

"కొట్టేశానుగా."

"ఐదు తప్పులైతే పావుగంట మూసుకుంటుందండీ."

"ఆ ముక్క నాలుగో తప్పుకి చెప్పొచ్చుగా నీ కంప్యూటరు! నిన్న మధ్యాహ్నం బ్రహ్మాండంగా ఉంది. రాత్రికి రాత్రే ఏమొచ్చింది దీనికి?"

కోడలు భోజనాల బల్ల తుడిచి, లాప్‌టాప్ తెరిచి, పక్కన నోటుపుస్తకం పెట్టుకుంది. కంపెనీలో నేర్చిన అలవాటది. చూసిన ప్రతిదీ రాసి, తేలినదాని మీద గీత కొట్టేయడం. ముందు ల్యాబ్ కంప్యూటర్ని పలకరించింది. పలికింది. అంటే తీగలూ నెట్టూ బాగున్నాయి. గీత. తాళం పేజీ వచ్చింది. గీత. తన పాస్‌వర్డు కొట్టింది. ఒప్పుకుంది. గీత. తన ఫోనులోని ఆరంకెలు కొట్టింది. తప్పు అంది. అంకెలు మారేదాకా ఆగి కొత్తవి కొట్టింది. మళ్ళీ తప్పే.

అంటే డాక్టరమ్మ ఫోనుది కాదు దోషం. గుమ్మం దాకా ఎవరైనా వెళ్ళొచ్చు, లోపలికి మాత్రం ఎవరూ వెళ్ళలేరు.

ఇలాంటి రోజు కోసమే పది అత్యవసరపు అంకెల వరసలు ముందే తీసి దాచింది. ఎక్కడ దాచిందో గుర్తు చేసుకుని నుదురు కొట్టుకుంది. ఆ ల్యాబ్ కంప్యూటర్‌లోనే, తను తప్ప ఎవరూ తెరవలేని తన ఫోల్డర్‌లో. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టు.

తొమ్మిదిన్నరకి యజమాని ఫోను చేశాడు. "పందొమ్మిది రిపోర్టులు ఆగిపోయాయమ్మా. ఆస్పత్రివాళ్ళు ఆపరేషన్ పేషెంటుది కావాలని నా ప్రాణం తీస్తున్నారు. పెద్దసారుని మళ్ళీ కాగితాలిచ్చి పంపుదామంటే, పాత ప్రింటింగు పద్ధతి నువ్వే తీసేయించావు."

"చూస్తున్నానండీ."

"సాయంత్రం నాలుగు దాకా చూడు. ఆ తర్వాత కంపెనీ అతన్ని పిలుస్తా. పెద్దసారు కోడలివని ఇన్నాళ్ళు ఆగాను. ఇంక ఆగలేను."

ఆమె వెంటనే మామగారికి చేసింది. ల్యాబ్‌లో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని చూడగలిగేది ఆయనే.

"కూర్చున్నానమ్మా. చెప్పు."

"మామయ్యా, నిన్న మధ్యాహ్నం నుంచి దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా? ఏమైనా మార్చారా?"

"ఎవరు ముట్టుకుంటారు? నేనైతే చేత్తో తాకలేదు."

"స్క్రీన్ మీద కింద కుడివైపు మూల టైముంటుంది. సరిగ్గా ఉందా?" ఆరంకెలు కాలాన్ని పట్టుకుని నడిచేవి కాబట్టి అది తప్పక అడగాల్సిన ప్రశ్న.

"ఉండు, కళ్ళజోడు... ఆఁ. సరిగ్గానే ఉంది."

"దేంతో పోల్చి చూశారు?"

"ఎదురుగా గోడ గడియారం ఉందిగా. దాంతో. అరనిమిషం తేడా కూడా లేదు."

కోడలు 'టైము' అన్న మాట మీద గీత కొట్టేసింది.

తర్వాత ఆయన చేత కంప్యూటర్ ఆపించి మళ్ళీ వేయించింది. తాళం రాసుకునే చిట్టా తెరిపించి చదివించింది. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివితే తేలింది ఒకటే ముక్క: అంకెలు కలవలేదు. ఆ సంగతి తనకి ఏడింటి నుంచీ తెలుసు. మధ్యలో భర్త ఆఫీసు నుంచి ఫోను చేసి, "నెట్టు పెట్టె ఆపి వేసి చూశావా?" అన్నాడు.

"నెట్టు బాగుంది."

"అయినా ఒకసారి ఆపి వెయ్యి. మా ఆఫీసులో ఏదొచ్చినా అదే చేస్తారు."

"మీ ఆఫీసులో తలనొప్పొచ్చినా అదే చేస్తారు. పెట్టేయండి," అని తనే పెట్టేసింది.

ఒంటిగంటకి నోటుపుస్తకంలో పద్నాలుగు మాటలుంటే పద్నాలుగింటి మీదా గీతలున్నాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది ఆమెకి. ఉన్నది ఎక్కడో ఇక్కడే, కొట్టేసిన గీతల కిందే ఉండాలి. ఏ గీతో తెలియడం లేదు.

అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. "వెళ్ళి చూసొస్తే పోయేదానికి..."

"ఇంటినుంచే చేస్తానని కదా అత్తయ్యా ఒప్పుకున్నది."

"ఎవరితో ఒప్పుకున్నావ్?"

"మీతోనే."

"నేను గుర్తుపెట్టుకోలేదులే. బుజ్జి బడి నుంచి వస్తే నేను చూసుకుంటా. లే, చీర మార్చుకో. ఆ పుస్తకాన్ని అలా చూస్తూ కూర్చుంటే అది సిగ్గుపడి నిజం చెప్తుందా?"

ల్యాబ్‌కి రెండు బస్సులు మారాలి. మూడింటికి దిగి, మందుల దుకాణం పక్క ఇరుకు మెట్లెక్కి వెళ్ళింది. మామగారు ఇరవయ్యారేళ్ళుగా పని చేస్తున్న గదిలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. పొడుగాటి గది. ఒక గోడ పొడవునా తెల్లటి బల్ల, దాని మీద ఎర్ర మూతలవీ ఊదా మూతలవీ చిన్న గొట్టాలు వరసగా నిలబెట్టిన చట్రాలు. మూలగా రక్తాన్ని గిరగిరా తిప్పే యంత్రం ఒకటే రొద. ఆ పక్కన కంప్యూటర్, దాని నెత్తిన గొట్టాలకి అంటించే చీటీలు అచ్చువేసే చిన్న యంత్రం. మామగారు చేతులు మోచేతుల దాకా కడుక్కుంటున్నారు. ఇంట్లో ఎప్పుడూ చేతికుండే వాచీ కొక్కేనికి వేలాడుతోంది.

"నువ్వొచ్చావేంటమ్మా!" అన్నారాయన. కంగారుపడ్డారో సంతోషించారో ఆ గొంతులో తెలియలేదు.

"చూసిపోదామని మామయ్యా."

రక్తం తీసే అమ్మాయి లేచి కుర్చీ ఇచ్చింది. ల్యాబ్‌లో అందరూ ఆమెని సూదమ్మ అంటారు. చేరి నెలన్నర. "కూర్చోండక్కా. పొద్దుట్నుంచీ మీ మామగారు ఈ కంప్యూటర్ని చూసి పళ్ళు నూరుతున్నారు. అది భయపడైనా బాగవ్వాల్సింది."

కోడలు కూర్చుంది. ఆరంకెలు కొట్టింది. తప్పు. అంతలో చీటీల యంత్రం టకటకమని ఒక చీటీ ఉమ్మింది. సూదమ్మ దాన్ని చింపి ఒక గొట్టానికి చుట్టింది. పేషెంటు నంబరు, కింద టైము. మూడూ ఇరవై ఒకటి.

చీటీ మీద టైము పడేలా చేసింది తనే, మంగళవారం, ఇంట్లోంచి. యజమాని అడిగాడు. అది సరిగ్గా పడుతోందని తృప్తిగా చూసి, చెయ్యి అలవాటుగా ఫోను తీసింది, కొత్త అంకెల కోసం. ఫోనులో మూడూ తొమ్మిది.

తలెత్తి గోడ గడియారం చూసింది. మూడూ ఇరవై ఒకటి. కంప్యూటర్ మూల చూసింది. మూడూ ఇరవై ఒకటి. మళ్ళీ ఫోను. బస్సు దిగి ఎంతసేపయింది? పది నిమిషాలు కూడా కాలేదు.

"నీ ఫోనులో టైమెంత?"

"మూడూ తొమ్మిది," అంది సూదమ్మ.

"మీ గడియారం ముందుందే!"

"అది ల్యాబు టైము కదక్కా."

"ల్యాబు టైమేమిటి?"

"శాంపిళ్ళు పెద్ద ల్యాబ్‌కి తీసుకెళ్ళే వ్యాను నాలుగున్నరకొస్తుంది. ఒక్క నిమిషం కూడా ఆగడు మహానుభావుడు. అందుకని గడియారం ముందు పెట్టుకుంటాం. నేను చేరినప్పుడే చెప్పారు, ఇక్కడ ఏది రాసినా గోడ గడియారం చూసే రాయమని." మాట్లాడుతూనే ఇంకో చీటీ అంటించింది. "మొన్న మీరు చీటీల మీద టైము పెట్టారా, రిజిస్టర్లో ఒకటుంటే చీటీ మీద ఇంకోటి పడేది. గొట్టం ముందు పుట్టిందా, పేషెంటు ముందు వచ్చాడా అన్నట్టుండేది. నిన్న సాయంత్రం పెద్దసారు చెప్తే ఈ కంప్యూటర్ టైము నేనే సరిచేశా. ఏదో తనంతట తను టైము తెచ్చుకునే మీట ఉంటే అది కూడా ఆపేశా, మళ్ళీ వెనక్కి పోకుండా."

కుళాయి కింద నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. మామగారు తడిచేతులు గాల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

"గడియారం సరిచేయడం కూడా దాన్ని ముట్టుకోవడం కిందికే వస్తుందామ్మా?" అని అడిగారు మెల్లగా.

కోడలు కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆపేసిన మీటని మళ్ళీ వేసింది. మూలనున్న అంకెలు ఒక్క గంతులో వెనక్కి దూకి మూడూ పది అయ్యాయి. ఆరంకెలు కొట్టింది. తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మకి ఫోను చేస్తే మొదటి దెబ్బకే లోపలికి వచ్చేసింది. "ఏం మంత్రమేశావే!" అంటూనే ఆపరేషన్ పేషెంటు రిపోర్టు మీద సంతకం పెట్టేసింది. సంతకాలన్నీ అయ్యేసరికి నాలుగు కూడా కాలేదు.

పని అయింది కానీ గండం గడవలేదు. యజమాని తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైంది?"

"కంప్యూటర్ టైము పన్నెండు నిమిషాలు ముందుకు పోయిందండీ. అందుకని అంకెలు కలవలేదు."

"దానంతటదే పోయిందా?"

"కాదండీ."

"మరెవరు మార్చారు?"

సూదమ్మ చేతి తొడుగు వేలు వేలుగా లాగుతోంది, అది ఊడి రావడం లేదు. మామగారు నోరు తెరిచారు. ఆయన మాట మొదలుపెట్టేలోపే యజమాని చెయ్యెత్తాడు. "ఇప్పుడొద్దు, ఆస్పత్రివాళ్ళు లైన్లో ఉన్నారు. రాసివ్వమ్మా. ఏమైంది, ఎవరివల్ల అయింది, మళ్ళీ కాకుండా ఏం చేస్తావు. రేపు పొద్దున తొమ్మిదికి నా బల్ల మీద ఉండాలి. అది చదివి నీ సంగతి తేలుస్తా. మిగతావాళ్ళ సంగతి కూడా."

గోడ గడియారం నాలుగున్నర కొట్టేసరికి శాంపిళ్ళ పెట్టె మూత బిగించి మెట్ల దగ్గర సిద్ధంగా ఉంది. అసలు నాలుగున్నరకి వ్యాను వచ్చింది. డ్రైవరు ఇంజను కూడా ఆపలేదు. పెట్టె అందుకుని, కాగితం మీద గీత పడేసి వెళ్ళిపోయాడు.

"చూశావుగా," అన్నారు మామగారు, తిరుగు బస్సులో పక్కపక్కన కూర్చున్నాక. "పదకొండేళ్ళ కిందట ఒకసారి ఆ వ్యానుని మూడు నిమిషాల తేడాతో పోగొట్టుకున్నాం. ముప్ఫై ఎనిమిది మంది రక్తం పారబోశాను. మర్నాడు అందర్నీ మళ్ళీ పిలిపించి మళ్ళీ గుచ్చాం. ఒకావిడ నెలల పిల్లని తీసుకొచ్చింది. ఆ పిల్లకి నరం దొరకదు. నాలుగుసార్లు గుచ్చాను. ఆవిడ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ సాయంత్రమే స్టూలెక్కి గడియారం తిప్పాను."

కోడలు కిటికీలోంచి చూస్తూ వింది.

"ఏం రాస్తావ్?" అన్నారాయన, దిగే స్టాపు దగ్గర పడ్డాక.

"జరిగింది రాస్తాను మామయ్యా."

"ఊఁ," అన్నారు.

బుజ్జికి స్నానం చేయించి, లాప్‌టాప్ ముందు కూర్చుంది. మొదట 'సాంకేతిక కారణాలవల్ల' అని రాసి, తనే ముఖం చిట్లించి చెరిపేసింది. భర్త వెనకనుంచి వచ్చి భుజం మీదుగా చదివాడు. ల్యాబ్ కథ అప్పటికే తల్లి దగ్గర విన్నాడు.

"మా నాన్న పేరు రాస్తావా?"

"ఇంకా రాయలేదు."

"ఇరవయ్యారేళ్ళు! ఒక్క మాట పడని మనిషి. 'సెట్టింగు మారింది' అని రాయి. అబద్ధం కాదుగా?"

"మారిందంటే ఎవరు మార్చారంటాడు. నేను నోరు మూసుకుంటే ఎవరివైపు చూస్తాడు? మామయ్యవైపు చూడడు. నెలన్నర కిందట చేరిన పిల్లవైపు చూస్తాడు. లేదా నావైపు. ఇది నేను పెట్టిన తాళమే కదా."

"నీవైపు చూస్తే చూడనీ. నీకిది లేకపోతే గడవదా?"

ఆమె కుర్చీలో వెనక్కి తిరిగి అతని ముఖంలోకి చూసింది. "గడుస్తుంది. నాలుగేళ్ళు గడిచిందిగా. ఎలా గడిచిందో మీరెప్పుడైనా అడిగారా?"

అతను అక్కణ్ణుంచి కదిలి, అవసరం లేకపోయినా వెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

ఎనిమిదింటికి అందరూ భోజనాలకి కూర్చున్నారు. పొద్దున లాప్‌టాప్ ఉన్న చోటే ఇప్పుడు కూర గిన్నె ఉంది. వడ్డన అయ్యాక కోడలు మడిచిన కాగితం ఒకటి తీసి మామగారి కంచం పక్కన పెట్టింది.

"ఉన్నది ఉన్నట్టు రాశాను మామయ్యా. మీకు చూపించకుండా పంపను. మీరు చూశాక అందులో మాట తీసీ పంపను."

భర్త ముద్ద కలపడం ఆపేశాడు. అత్తగారు బుజ్జి నోట్లో పెట్టబోయిన ముద్ద అక్కడే ఆగింది. "నాకూ, నాకూ," అని బుజ్జి వాళ్ళ నానమ్మ చెయ్యి లాక్కుంది.

మామగారు ఎడంచేత్తో కళ్ళజోడు సర్దుకుని కాగితం విప్పారు. రిపోర్టులు చదివే అలవాటున్న మనిషి. ఒక్కో వరసా ఆగి ఆగి చదివారు.

"దాదాపు పన్నెండు నిమిషాలేమిటి?" అన్నారు ఒకచోట. "పన్నెండున్నర. రాస్తే సరిగ్గా రాయాలి."

"మారుస్తాను."

"నీ తప్పులు మూడు రాసుకున్నావ్. అత్యవసరపు అంకెలు దాని కడుపులోనే దాచడం ఒకటి. ఎవరు కూర్చున్నా టైము మార్చగలిగేలా వదిలేయడం రెండు. మూడోది ఏమిటిది... 'ఎంతయిందని అడగవలసింది, సరిగ్గా ఉందా అని అడిగాను'. ఇది కూడా తప్పేనా?"

"ఎంతని అడిగుంటే మీరు అంకె చెప్పేవారు. ఆ నిమిషంలోనే తేలిపోయేది. పొద్దున పదిలోపల."

"నాది ఒకటే రాశావేం?"

"మీరు చేసింది ఒకటే కదా."

"రెండు." ఆయన కాగితం కింద పెట్టారు. "గోడ గడియారం ముందుందని నాకు తెలుసు. తిప్పింది నేనే. అయినా నువ్వడిగితే సరిగ్గా ఉందన్నాను. పదకొండేళ్ళు చూసీ చూసీ నాకు అదే సరైన టైమైపోయింది. అది కూడా రాయి. 'ఇన్‌చార్జి సూచన మేరకు సిబ్బంది మార్చారు' అన్నావే, అది తీసెయ్. సిబ్బంది అంటే ఆ పిల్లే అని ఓనరుకి తెలియదా? నేనే మార్పించానని నా పేరు పెట్టు, ఇంటిపేరుతో సహా."

"నాన్నా," అన్నాడు కొడుకు.

"నువ్వు తిను. చల్లారిపోతుంది." ఆయన నీళ్ళు తాగి గ్లాసు పెట్టారు. "కాగితం రేపు నేనే ఓనరు చేతికిస్తాను. ఇచ్చి, ఈ పని బయటివాళ్ళకిస్తే ఏం జరిగుండేదో కూడా చెప్తాను. వాళ్ళు కొత్త కంప్యూటరు కొనమనేవాళ్ళు. దాన్ని కూడా నేను గోడ గడియారానికి సరిచేయించేవాణ్ణి. తర్వాత స్టూలెక్కి గడియారం వెనక్కి తిప్పేస్తాను."

"వ్యాను పోతేనో?" అన్నారు అత్తగారు.

"పోదు. రోజూ నాలుగుంపావుకి పెట్టెతో నేనే మెట్ల మీద నిలబడతా. ఇన్నాళ్ళూ ఆ పని గడియారం మీద పడేశాను."

కోడలు అందరికీ రెండోసారి వడ్డించడానికి లేచింది. లేచినదల్లా గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఇంకో మాట," అంది. "ఆయన నన్ను ఉంచితే మంగళవారాలు ల్యాబ్‌లో కూర్చునే పని చేస్తాను, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. ఉంచకపోతే ఇంకోచోట వెతుక్కుంటాను. అక్కడైనా వారానికి ఒకరోజు వెళ్ళే చేస్తాను."

"ఇంటినుంచే అన్నావుగా?" అన్నాడు భర్త.

"అన్నాను. ఇవాళ మానుకున్నాను."

అత్తగారు కోడలివంకా కొడుకువంకా మార్చి మార్చి చూశారు. "బాగానే ఉంది. మంగళవారం నాకు మోకాళ్ళ డాక్టరు. మరి బుజ్జిని బడి నుంచి ఎవరు తెస్తారు?"

"వాళ్ళ నాన్న," అంది కోడలు, అతని కంచంలో కూర వడ్డిస్తూ.